కడబంతి

దారాలు ఎక్కడ పెట్టాను, ఆఁ, సుద్దముక్కల డబ్బా పక్కనే ఉన్నాయి, తెల్ల దారాలు, పొద్దున్నే స్టాఫ్ రూమ్‌లో కూర్చుని జానెడు జానెడు కత్తిరించి తెచ్చాను, అడిషనల్ కాగితాలు తీసుకున్న పిల్లలు చివర్లో అన్నీ కలిపి కట్టుకోవడానికి. కాగితాల దొంతర నా మోచేతి కిందే ఉంది. పరీక్ష మొదలై చాలాసేపయింది, ఇక ఈ గదిలో నాకు చూడటం తప్ప వేరే పనేమీ లేదు. వంగిన తలలు, పెన్నుల గరగర, ఎవడో ఆగి ఆగి ముక్కు ఎగబీలుస్తున్నాడు, ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక మూలకి వచ్చి కిర్రుమంటోంది, మొదటి బెంచీ పిల్ల జవాబు గుర్తు రాక పెన్ను మూత కొరుకుతోంది, దాని పక్కది పెదాలు కదుపుతూ బట్టీ పట్టినదంతా లోపలే అప్పజెప్పుకుంటోంది. అన్నీ చూస్తున్నాను. నిజం చెప్పాలంటే రెండు వరసలే పూర్తిగా చూస్తున్నాను. కిటికీ పక్క వరసలో చివరి బెంచీ దాకా వచ్చేసరికి నా చూపు గోడ మీది గడియారం వైపు జారిపోతుంది, టైమెంతైందో చూసుకోవడానికే అటు తిరిగినట్టు. ఆ బెంచీలో కూర్చుని పరీక్ష రాస్తున్నది నా కూతురు. దాన్ని అక్కడ కూర్చోబెట్టింది కూడా నేనే.

నాకీ గది వద్దని హెడ్మాస్టారితో నిన్ననే చెప్పాను, నా పిల్ల ఉన్న తరగతి, పైగా నా సైన్సు పరీక్ష, ఎవరైనా ఏమైనా అనుకుంటారు అని నసిగాను. ఆయన కళ్ళజోడు మీదుగా చూసి, "రోజూ పాఠం చెప్పేది మీరే కదమ్మా, ఇవాళ ఊరికే నిలబడటానికి ఏం కష్టం? ఇద్దరు టీచర్లు సెలవులో ఉన్నారు, నన్ను నిలబడమంటారా?" అన్నారు. ఏం కష్టమో ఆయనకెలా చెప్పను. పాఠం చెప్పేటప్పుడైతే బోర్డు ఉంటుంది, అటు తిరగొచ్చు. ఇప్పుడు ఎటు తిరగను. "గేటు దాటి లోపలికొస్తే నేను టీచర్ని, మళ్ళీ గేటు దాటి బయటికెళ్ళేదాకా అమ్మని కాను, గుర్తుంటుందా?" ఇది నేను దానికి చెప్పిన మాటే, ఆరో తరగతిలోకి, అంటే నా తరగతిలోకి, వచ్చిన మొదటిరోజు, గేటు ముందు దాని జడ సరిచేస్తూ. అదేదో కొత్త ఆటనుకుంది. "లోపల నన్ను ఉడతా అని కూడా పిలవవా?" అంది. ఇంట్లో దాని పేరు ఉడత, దొరికిన బొత్తామూ గింజా విరిగిన సుద్దముక్కా అన్నీ తలగడ కింద దాచుకుంటుంది కాబట్టి. పిలవనన్నాను. "మరి నేను కింద పడితే?" "పడితే టీచర్ అని ఏడు." ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత నెల తిరక్కుండానే నిజంగానే పడింది, ఆటస్థలంలో, మోకాలు చిట్లి రక్తం మేజోడులోకి కారుతుంటే కుంటుకుంటూ నా ముందుకొచ్చి, "టీచర్, దెబ్బ తగిలింది టీచర్," అంది. కళ్ళ నిండా నీళ్ళు, ఒక్క చుక్క కూడా కిందికి జారనివ్వలేదు. నేను దాని మోకాలు ముట్టుకోలేదు. ఏ పిల్లనైనా పంపినట్టే ఆయాతో మందు గదికి పంపించి, ఏ పిల్లకైనా చెప్పినట్టే చూసుకుని పరిగెత్తాలమ్మా అని చెప్పి, క్లాసుకి వెళ్ళిపోయాను.

మొదట్లో ఇంత లేదు. మొదటి పరీక్షలో దానికి అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి, నేనే దిద్దాను, ఒకటికి రెండుసార్లు దిద్దాను, ఎక్కడా అరమార్కు కూడా ఎక్కువ పడలేదు. మర్నాడు ఎవరో పిల్లవాడి తండ్రి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, నవ్వుతూనే, "ప్రశ్నలు వండేది ఆ ఇంట్లోనేగా మేడమ్, అమ్మాయి ముందే రుచి చూసుంటుంది," అన్నాడు. అతను వెళ్ళాక లెక్కల మాస్టారు టీ ఊదుకుంటూ, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఊరికే అన్నారా మేడమ్?" అన్నారు. ఆయనకి చెడ్డ ఉద్దేశం లేదు, ఆయన నోట్లో సామెతలు ఊరుతూనే ఉంటాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వాను గానీ ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. కడబంతే కదా, సరే, చూడండి, కడబంతిలోనే కూర్చోబెడతాను, వడ్డిస్తానేమో చూడండి. మర్నాడే దాన్ని మొదటి బెంచీ నుంచి చివరికి మార్చాను. ప్రశ్నపత్రాలు పక్క సెక్షన్ టీచరుతో రాయించాను, దాని జవాబులు ఆవిడతోనే దిద్దించాను. అంతవరకూ న్యాయమే, ఎవరైనా అంతే చేస్తారు. కానీ నాకు ఆశ తీరలేదు. నా నిజాయితీ అందరికీ కనపడాలి, దూరం నుంచి కూడా కనపడాలి. అందుకని దాన్ని ప్రశ్నలడగడం మానేశాను, ఆ తర్వాత అది అడిగితే వినడం మానేశాను.

ఎత్తేది, చెయ్యి. భుజం ఊడి వచ్చేస్తుందేమో అన్నట్టు ఎత్తేది, బెంచీ మీంచి సగం లేచి, ఎడం చేత్తో కుడి మోచేతిని పైకి తోస్తూ. నేను దాని ముందు బెంచీ వాణ్ణి లేపేదాన్ని, పక్క బెంచీ దాన్ని లేపేదాన్ని. కొన్నాళ్ళకి చెయ్యి చెవి దాకానే లేచేది. ఇంకొన్నాళ్ళకి మోచెయ్యి బెంచీ మీదే ఉండేది, వేళ్ళు మాత్రం లేచేవి. ఆ తర్వాత అవీ లేవలేదు. ఇంత వివరంగా ఎలా చెప్తున్నాను, చూడలేదంటున్నదాన్ని. చూశాను, అదే కదా, అన్నీ చూశాను, చూసి, పిల్ల పెద్దదవుతోంది, కాస్త నెమ్మది వచ్చింది అని సంతోషించాను కూడా. మరి ఆ తడిబట్ట పాఠం రోజు. ఎండలో కూడా తడిబట్ట ఒంటి మీద ఉన్నంతసేపూ చల్లగా ఎందుకుంటుంది, ఎవరు చెప్తారు అన్నాను. గదిలో ఒక్క చెయ్యి లేచింది. చాలా రోజుల తర్వాత లేచింది. మిగతా అందరూ తలలు వంచుకున్నారు, దొరికిపోకుండా. నేను ఆ ఒక్క చేతి మీదుగా గది ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఎవరికీ తెలియదన్నమాట," అన్నాను. అని, నేనే చెప్పాను. ఎవరికీ. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చింది. ఆ సాయంత్రం అది వాళ్ళ నాన్నతో కలిసి బట్టలు ఆరేస్తూ ఆ పాఠమంతా ఆయనకి చెప్తోంది, "నీళ్ళు ఊరికే ఎగిరిపోవు నాన్నా, పోతూ పోతూ మన ఒంట్లో వేడి కాస్త పట్టుకుపోతాయి, చెప్పకుండా వస్తువులు పట్టుకుపోయే చుట్టాల్లాగా." ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను బోర్డు మీద అరగంట చెప్పినదానికంటే అది బాగుంది. వంటగదిలో నిలబడి విన్నాను, గిన్నె తోమడం ఆపి విన్నాను, బాగా చెప్పావే అని ఒక్క మాట అనలేదు. అప్పటికి గేటు దాటి చాలాసేపయింది కూడా. అదే భయం, ఇంట్లో మెచ్చుకుంటే బళ్ళో ధైర్యం చేస్తుందేమో అని.

"టీచర్, అడిషనల్!" మధ్య వరసలో చెయ్యి లేచింది, గుమ్మడికాయంత అక్షరాలు రాసేవాడు, వాడికెప్పుడూ కాగితం చాలదు. ఇచ్చాను. అటుపక్క ఇంకో చెయ్యి. ఇచ్చాను. ఎవరు చెయ్యెత్తితే వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను, బంతిలో వడ్డించినట్టే, ఒక్కళ్ళతో కూడా రెండోసారి పిలిపించుకోలేదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటూ, గడియారం వైపు వెళ్ళబోయిన చూపు ఎందుకో మధ్యలో ఆగింది. ఉడత రాయడం లేదు. పెన్ను బెంచీ మీద పెట్టేసి, కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని, కిటికీలోంచి గోడ చూస్తూ కూర్చుంది. ఆ కూర్చోవడం ఒకటి, ఎన్నిసార్లు చెప్పాను, చెయ్యి కింద వేసుకుని కూర్చోకు, వంకర అలవాట్లు అని క్లాసులో అందరి ముందూ కసిరాను. దాన్ని తిట్టడానికి మాత్రం నాకు అది బాగానే కనపడుతుంది. మనసు ముందు కోపంతో భగ్గుమంది. ఎందుకు ఆగింది? చివరి పెద్ద ప్రశ్న తడిబట్టదే, పక్క సెక్షన్ ఆవిడ తెలియక ఇచ్చింది, అదే రాయలేకపోతే ఇంకేం రాస్తుంది? రాత్రి చదవలేదా? నాకేం తెలుసు, నేను దాని పక్కన కూర్చున్నానా. అది వంటగదిలో గోడకి ఆనుకుని ఒక్కతే చదువుకుంది. నేను ముందు గదిలో ఎదురింటి పిల్లలకి అవే పాఠాలు విడమర్చి చెప్పాను, సందేహాలొచ్చాయని వాళ్ళు వస్తే. అది ఒకసారి పుస్తకం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, నేను తలెత్తేలోపు మంచినీళ్ళ కోసం వచ్చినట్టు గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. కోపం ఎటు తిప్పినా తిరిగి నా దగ్గరికే వస్తోంది.

పోయిన వారం తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడింది కూడా ఈ నోరే. "అడిగే పిల్లని అందరూ చూస్తారు, అడగని పిల్లని చూడండి. ప్రశ్న వేసి, వెంటనే జవాబు మీరే చెప్పెయ్యకండి, కాస్త ఆగండి, పిల్లలకి తీరిక కావాలి. తప్పు చెప్పినా ముందు విన్నామని వాళ్ళకి తెలియాలి." ఎంత బాగా చెప్పాను. వెనక ఎవరో తల్లి కళ్ళు తుడుచుకుంది. చప్పట్లు మోగుతుంటే ఉడత కుర్చీల మధ్య తిరుగుతూ అందరికీ మంచినీళ్ళు ఇస్తోంది, నా దగ్గరికొచ్చి, "తీసుకోండి టీచర్," అని గ్లాసు అందించింది. ఆ రాత్రి వాళ్ళ నాన్న, ఆయనది తాళాలు బాగుచేసే దుకాణం, అన్నం తింటూ అన్నాడు, "ఇంట్లో వాగుడుకాయ, బళ్ళో మూగనోము పట్టిందటగా. దాని స్నేహితురాలు చెప్పింది. ఎలాంటి తాళమైనా తీస్తాను గానీ, దీని నోటికి ఎవరు వేశారో తెలియడం లేదోయ్." నా వైపు చూసి అనలేదు. చూసి ఉంటే పోట్లాడేదాన్ని, నీకేం తెలుసు, ఆ మాటలు పడేది నేను కదా అనేదాన్ని. చూడకుండా అన్నాడు, అందుకే ఇప్పటికీ గుచ్చుతోంది.

లేచాను. వరసల మధ్య నడవడం నా పనే, ఎవరూ వింతగా చూడరు. మొదటి వరస, రెండో వరస, కావాలని నెమ్మదిగా, అందరి కాగితాలూ చూస్తున్నట్టు. కిటికీ వరసలోకి తిరిగాను. చివరి బెంచీ. తెల్లకాగితం ఉంటుందనుకున్నాను. ఖాళీ అన్నది లేదు. ఇచ్చిన కాగితం నిండిపోయింది. పైన మామూలు అక్షరాలు, కిందికొచ్చేకొద్దీ చిన్నవవుతూ, చివరికొచ్చేసరికి చీమల్లా, గీత దాటి, అంచు ఖాళీలోకి తిరిగి, కాగితం పక్కగా నిలువుగా పైకి పాకి, అక్కడ ఆగిపోయాయి. ఆఖరి మాటలు చదవడానికి నేను వంగాల్సి వచ్చింది. నీరు ఆవిరవుతూ మన శరీరం నుంచి వేడిని. అంతే. వేడిని అన్న మాట కాగితం కొసకి తగిలి ఆగిపోయింది. దానికి జవాబు తెలుసు. కాగితం లేదు. గదిలో ప్రతివాడూ చెయ్యెత్తి కాగితం తీసుకుంటుంటే, ఇది ఉన్న కాగితంలో తన జవాబునే కుదించుకుంటూ, ఇక కుదించడానికి చోటు లేక పెన్ను పెట్టేసి, చెయ్యి తొడ కింద పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ చెయ్యి అక్కడెందుకుందో. వంకర అలవాటు కాదు. లేవకుండా, దాని మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ నా క్లాసులో అది ఆ చేతి మీదే కూర్చుంటోంది, లేచి నన్ను ఇబ్బంది పెడుతుందేమో అని. నేనేమో అలా కూర్చున్నందుకు దాన్ని కసురుతున్నాను.

కాగితం దాని ముందు పెట్టాను. ఒకటి కాదు, చేతికొచ్చినన్ని. అది కంగారుగా చుట్టూ చూసింది, ముందు బెంచీ వైపు, తలుపు వైపు. "నేను అడగలేదు టీచర్," అంది గుసగుసగా. "తెలుసు. కావలసింది అడగాలమ్మా." "ఎవరైనా చూస్తే మిమ్మల్ని అంటారు టీచర్." ఇది దాచుకునేవాటిలో నేనూ ఉన్నానన్నమాట, బొత్తాములతోపాటు. "ఎవరూ ఏమీ అనరు. ఇంకేం కావాలన్నా చెయ్యెత్తు, నేను చూస్తూనే ఉంటాను," అన్నాను. తలూపింది. ఒకటే కాగితం తీసుకుని మిగతావి నా వైపు జరిపింది. తొడ కింద నుంచి చెయ్యి తీసింది, బెంచీ చెక్క గీతలు వేళ్ళ మీద ఎర్రగా పడి ఉన్నాయి, రెండుసార్లు విదిలించి, పెన్ను తీసుకుంది.

బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను, కూర్చోలేదు. దారం ఇవ్వలేదు దానికి. మరిచిపోయి కాదు, ఇవ్వలేదు. కాగితాలు కట్టుకోవడానికి దారం కావాలి, అడుగుతుంది, అడగనీ, చెయ్యెత్తనీ, నేను గబగబా వెళ్తాను, అందరూ చూస్తుండగా వెళ్తాను, రేపటి నుంచి క్లాసులో మొదట దాన్నే లేపుతాను, లెక్కల మాస్టారు ఇంకో పది సామెతలు చెప్పుకోనీ, నాకేం. ఆగండి, పిల్లలకి తీరిక కావాలి అన్నాను కదా, ఆగుతాను. దారాలు గుప్పిట్లో పట్టుకుని ఆగాను. అది వేగంగా రాస్తోంది, నాలిక చివర బయటపెట్టి, ఈపాటికి అక్షరాలు మళ్ళీ పెద్దవై ఉంటాయి. నాకు లోపల పండగలా ఉంది. ఇంత తేలికా, ఒక్క కాగితంతో సరిపోయే తప్పా నాది, అని కూడా అనిపించింది, సిగ్గులేకుండా. "టీచర్, దారం!" మధ్య వరస. వెళ్ళాను. ఇచ్చాను. "టీచర్, నాకూ!" గుమ్మడికాయ అక్షరాలవాడు, వాడి కాగితాలు కింద చెల్లాచెదురయ్యాయి, ఏది ముందో ఏది వెనకో వాడికే తెలియదు, వంగి ఏరిచ్చాను, వరస పెట్టించాను, ముడి వేయడం కూడా రాదు వాడికి, నేనే వేశాను. తలుపు దగ్గర ఒకమ్మాయి మంచినీళ్ళకి వెళ్ళొచ్చా అంది, వద్దు, అయిపోవచ్చింది అన్నాను. ఇదంతా ఎంతసేపు, చాలాసేపేమీ కాదు. వెంటనే తిరిగి చూశాను కిటికీ వైపు. ఉడత తల వంచి ఒళ్ళో ఏదో చేసుకుంటోంది. దారం అడగడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది, కూడగట్టుకోనీ అనుకున్నాను. గంట కొట్టారు.

ఒక్కొక్కరే వచ్చి బల్ల మీద పెడుతున్నారు, బెంచీల చప్పుడు, ఆ ప్రశ్నకి ఏం రాశావురా అని అరుపులు. అది అందరికంటే చివర వచ్చింది. కాగితాలు రెండూ కట్టి ఉన్నాయి. నీలం దారంతో. యూనిఫాం అంచు దారం. కిందటి నెల పొట్టిదైపోయిందని మడత విప్పి, దీపం దగ్గర కూర్చుని నేనే కుట్టిన అంచు. ఇప్పుడు ఆ అంచు ఒకపక్క ఊడి దాని మోకాలి కిందికి వేలాడుతోంది. నా గుప్పిట్లో ఇంకా తెల్ల దారాలు మిగిలే ఉన్నాయి, చెమటకి తడిసి ఉండ చుట్టుకుపోయి. "అడగమన్నాను కదా," అన్నాను. "చెయ్యెత్తమన్నాను కదా తల్లీ."

"ఎత్తాను టీచర్," అంది. తప్పు పట్టినట్టు కాదు, హాజరు చెప్పినట్టు చెప్పింది. "మీరు అటు తిరిగి ఉన్నారు. రెండోసారి కూడా ఎత్తాను."

కాగితాలు కట్ట మీద సరిగ్గా సర్దిపెట్టి, నాకు నమస్కారం పెట్టి, తలుపు వైపు నడిచింది. ఊడిన అంచు అడుగడుక్కీ కాలికి తగులుతోంది, దాన్ని ఒక చేత్తో పైకి పట్టుకుంది. తొక్కి పడుతుంది. పడితే టీచర్ అని ఏడుస్తుంది. "ఉడతా!" అని పిలిచాను. గట్టిగా పిలిచాను, గది అంతా ఒక్కసారి నిశ్శబ్దమై అందరూ నా వైపు తిరిగారు, గుమ్మడికాయ అక్షరాలవాడు నోరు తెరిచాడు, వరండాలో వెళ్తున్న లెక్కల మాస్టారు ఆగిపోయారు. అది గుమ్మంలో ఆగింది. ముందు మాస్టారిని చూసింది, తర్వాత పిల్లలందరినీ చూసింది, అప్పుడు నాలుగడుగులు వెనక్కి వేసి నా దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"ఇంకా గేటు దాటలేదు టీచర్."